పద్దెనిమిది డెసిబెళ్ళ లెక్క

శబ్దంలోని హెచ్చుతగ్గులను తగ్గించే కంప్రెసర్‌ను కొత్తగా తెచ్చుకున్నాను. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అంటే కంప్యూటర్‌లోకి శబ్దాన్ని పంపి తిరిగి బయటికి తెచ్చే పెట్టెకు కలిపి, రేపటి రికార్డింగ్‌కు సిద్ధంగా ఉంచుదామని ఉదయం తొమ్మిదింటికే కూర్చున్నాను. అరగంట పని అనుకున్నది మధ్యాహ్నం రెండు దాటేదాకా నన్ను లేవనివ్వలేదు. కేబుళ్ళన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి, లైట్లన్నీ వెలిగాయి, శబ్దం కూడా వచ్చింది. కాకపోతే నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. కారణం వెతకకుండా కంప్రెసర్ అవుట్‌పుట్ గెయిన్‌ను, అంటే బయటికి వచ్చే సిగ్నల్‌ను పెద్దది చేసే నాబ్‌ను, పెంచేశాను. లెవెల్ చాలినంత వచ్చింది గాని, గొంతు ఆగిన ప్రతిచోటా సన్నటి హిస్, దాని అడుగున ‘గూం’మనే హమ్ పైకి తేలాయి. గెయిన్ పెంచితే సిగ్నల్‌తో పాటు దానిని అంటుకుని వచ్చిన చెత్త కూడా అంతే పెరుగుతుంది. ఇది నాకు తెలియని సంగతేమీ కాదు, పక్కవాళ్ళకు ఎన్నోసార్లు చెప్పాను కూడా. అయినా చెయ్యి ముందు నాబ్ మీదికే పోతుంది.

పదింటికి బుద్ధి తెచ్చుకుని, నాబులన్నీ సున్నాకు తిప్పి, లెక్క ప్రకారం మొదలుపెట్టాను. కంప్యూటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ టోన్‌ను మైనస్ 18 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్‌లో పట్టగల గరిష్ఠ లెవెల్‌ను సున్నాగా తీసుకునే డెసిబెల్ కొలత) దగ్గర పంపి, కంప్రెసర్‌ను బైపాస్‌లో, అంటే సిగ్నల్‌ను మార్చకుండా దాటించేలా ఉంచి, తిరిగి వచ్చేది ఎంతో చూస్తే మైనస్ 36. కంప్రెసర్‌ను పూర్తిగా తప్పించి, పంపడానికి వాడిన కేబుల్‌తోనే ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపినా అదే అంకె. పొద్దుటి నుంచి నేను తిట్టుకుంటున్న కంప్రెసర్‌కు ఇందులో ఏ పాపమూ లేదన్నమాట.

దారిలో పోయిన ఆ 18 డెసిబెళ్ళు నన్ను చాలాసేపు తిప్పలు పెట్టాయి. ప్రొఫెషనల్ పరికరాల లైన్ లెవెల్ (అవి ఒకదానికొకటి సిగ్నల్ పంపుకునే మామూలు స్థాయి) ప్లస్ 4 డీబీయూ, అంటే దాదాపు 1.23 వోల్టులు, ఇళ్ళలో వాడే పరికరాలది మైనస్ 10 డీబీవీ, అంటే 0.316 వోల్టు. ప్లస్ 4కూ మైనస్ 10కీ మధ్య తేడా 14 అనిపిస్తుంది గాని కాదు, ఎందుకంటే డీబీయూ 0.775 వోల్టును సున్నాగా తీసుకుంటే డీబీవీ 1 వోల్టును తీసుకుంటుంది. అది సరిచేస్తే మిగిలేది 11.8. రెండు లెవెళ్ళకూ పొంతన కుదరలేదనుకుంటే 12 పోవాలి గాని 18 పోకూడదు. 18 తినగలిగిన తప్పు ఏమై ఉంటుందా అని గంటసేపు వెతికాను. తప్పు ఒక్కటే అయి ఉండనక్కరలేదన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది.

మల్టీమీటర్ తీశాను. చేతి మీటర్లు తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గరే నమ్మదగినవి కనుక టోన్‌ను 100 హెర్ట్జ్‌కు మార్చి, వేరే కేబుల్ పెట్టి, అవుట్‌పుట్ దగ్గరే కొలిచాను. మా ఇంటర్‌ఫేస్ మాన్యువల్ ప్రకారం 0 డీబీఎఫ్‌ఎస్ దగ్గర ప్లస్ 22 డీబీయూ రావాలి, కాబట్టి మైనస్ 18 దగ్గర 1.23 వోల్టులు కనిపించాలి, మీటర్ 0.31 చూపించింది. సెట్టింగులు తెరిస్తే 3, 4 నంబర్ల అవుట్‌పుట్‌లు మైనస్ 10లో ఉన్నాయి. ఎప్పుడో చిన్న స్పీకర్ల కోసం నేనే అలా పెట్టి మరిచిపోయాను. ప్లస్ 4కు మార్చగానే 1.22 వచ్చింది.

మొదటి కేబుల్‌తో అవుట్‌పుట్‌ను మళ్ళీ ఇన్‌పుట్‌కే కలిపి 1 కిలోహెర్ట్జ్ టోన్ పంపితే ఈసారి మైనస్ 24. ఇంకా మిగిలింది 6.

6 డెసిబెళ్ళు తగ్గాయంటే వోల్టేజి సగమైందని గుర్తుకు రావాలి. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో ఒకే సిగ్నల్ రెండు వైర్లలో ఒకదానికొకటి తలకిందులుగా వెళుతుంది, అవతలి ఇన్‌పుట్ ఆ రెండింటి తేడాను తీసుకుంటుంది. అందులో ఒక వైరు తెగితే సిగ్నల్ సగమవుతుంది. రెండు వైర్ల మీదా సమానంగా పడి తీసివేతలో పోవలసిన హమ్ కూడా పోకుండా ఉండిపోతుంది. పొద్దుటి ‘గూం’ ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

మీటర్‌ను కంటిన్యూటీలో, అంటే వైరు తెగకుండా ఉంటే మోగేలా పెట్టి, ప్లగ్‌లోని మూడు భాగాలనూ చూశాను. కొస దగ్గరి టిప్ మోగింది, మొదట్లోని స్లీవ్ మోగింది, మధ్యలోని రింగ్ మోగలేదు. ప్లగ్ మెడ దగ్గర కేబుల్‌ను కాస్త వంచితే ఒకసారి ‘కీ’మని మళ్ళీ ఆగిపోయింది. ప్లగ్ మర విప్పితే రింగ్‌కు వెళ్ళే వైరు సోల్డర్ ముద్దను ఆనుకుని ఉంది గాని అతుక్కుని లేదు. ముద్ద మెరవకుండా బూడిద రంగులో, గరుకుగా ఉంది. ఆ అతుకు వేసిన మహానుభావుణ్ణి కూడా నేనే. పాత సోల్డర్ తీసేసి, వైరు కొస కత్తిరించి, కొత్తగా అతికాను. అది చల్లారేదాకా ప్లగ్‌ను కదపకుండా పట్టుకోవడమే అన్నిటికన్నా కష్టమైంది.

టోన్ మైనస్ 18 దగ్గర వెళ్ళి మైనస్ 18.1 దగ్గర తిరిగి వచ్చింది. కంప్రెసర్‌ను మధ్యలో పెట్టినా అంతే. గెయిన్ నాబ్ సున్నా మీదే ఉంది, హెడ్‌ఫోన్లలో హమ్ లేదు.

అదే రోజున అతికిన కేబుళ్ళు ఇంకా మూడు ఉన్నాయి కనుక వాటినీ మీటర్‌కు పెట్టాను. రెండు బాగానే ఉన్నాయి. మూడోదాన్ని వంచితే రింగ్ మోగి ఆగుతోంది. దానికి ఎర్ర టేపు చుట్టి బల్ల మీద విడిగా పెట్టాను.