ఒకరి కోసం ఒకరు ఆగండి

గ్రీకు పట్టణమైన కొరింతులోని క్రైస్తవ సంఘానికి రాసిన మొదటి లేఖ పదకొండో అధ్యాయంలో పునీత పౌలు తన బాధను దాచుకోలేదు. "ఈ విషయంలో మిమ్మల్ని మెచ్చుకోలేను" అంటూ మొదలుపెట్టి చాలాసేపు మందలించారు. అంత మందలించాక ఆయన చెప్పిన పరిష్కారం మాత్రం ఒక్క వాక్యమే: "కాబట్టి నా సోదరులారా, భోజనానికి కూడుకున్నప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి" (1 కొరింతీ 11:33). సంఘజీవితం గురించి శ్రీసభ (కతోలిక సంఘం) ఆ తర్వాతి శతాబ్దాల్లో ఎంతో చెప్పింది. దాన్ని ఎటు నుంచి చదివినా నా మనసు చివరికి ఈ వచనం దగ్గరికే వస్తుంది.

అక్కడేం జరిగిందో దగ్గరగా చూద్దాం. అప్పటికి దేవాలయాలు లేవు. కాస్త పెద్ద ఇల్లున్న విశ్వాసి ఇంట్లో అందరూ కూడుకునేవారు. కలిసి తినడం, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె విరవడం ఒకే కూడికలో సాగేవి. ఆదివారానికి సెలవన్నది లేదు. చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆ రోజును విశ్రాంతి దినంగా ప్రకటించింది క్రీ.శ. 321లో. అంటే కొరింతులో ఆ రోజు కూడా పనిరోజే. తీరిక ఉన్నవారు వేళకు వచ్చి, తెచ్చుకున్నది తినేసేవారు. మరి ఆలస్యంగా వచ్చేదెవరు? యజమాని వదిలితేగాని కదలలేని బానిసలు, పొద్దుగూకేదాకా పనిచేసే కూలీలు అయి ఉంటారని ఊహించడం కష్టం కాదు. వారు వచ్చేసరికి ఏమీ మిగలదు. "ఒకరు ఆకలితో ఉంటున్నారు, ఇంకొకరు తాగి మత్తులో ఉంటున్నారు" అని పౌలు ఉన్నదున్నట్టు రాశారు. ఆయన మాటల్లో అన్నిటికంటే కఠినమైనది దానికి ముందే ఉంది: మీరు తింటున్నది ప్రభు భోజనమే కాదు!

ప్రార్థనలు సరిగ్గానే చెప్పి ఉంటారు. రొట్టె, ద్రాక్షారసం ఉండనే ఉన్నాయి. అయినా అది ప్రభు భోజనం కాదన్నారంటే, లేనివారిని సిగ్గుపరిచి చేసే ఆరాధనను ఆయన ఆరాధనగా లెక్కించలేదన్నమాట. ఈ తగవులోనే, దీన్ని సరిదిద్దడానికే, "ప్రభువైన యేసు తాను అప్పగింపబడిన రాత్రి రొట్టెను తీసుకొని" అనే మాటలు ఆయన గుర్తుచేశారు. దివ్యసత్ప్రసాద స్థాపన (రొట్టె, ద్రాక్షారసాలతో యేసు ఆ సంస్కారాన్ని ఏర్పరచడం) గురించి మనకు దొరికిన రాతల్లో అన్నిటికంటే పాతవి అవే. సువార్తలు ఆ తర్వాత రాసినవి. ప్రతి దివ్యబలిపూజలో గురువు నోట వినే ఆ మాటలు మొదట కాగితానికెక్కింది కొందరు కొందరి కోసం ఆగలేదన్న బాధతో. ఈ సంగతి తెలిశాక ఆ మాటలు నాకు ఇదివరకటిలా వినిపించడం లేదు.

ఆ తర్వాత వంద సంవత్సరాలకు, దాదాపు 155 ప్రాంతంలో, రోమ్‌లో ఉన్న పునీత జస్టిన్ క్రైస్తవులు ఆదివారం ఏం చేస్తారో చక్రవర్తికి వివరించారు. పట్టణంలోనివారూ పల్లెల్లోనివారూ ఒకచోట చేరతారు. అపోస్తలుల జ్ఞాపకాలనో ప్రవక్తల గ్రంథాలనో వ్యవధి ఉన్నంతసేపు చదువుతారు. పెద్ద ఉపదేశిస్తారు, అందరూ లేచి ప్రార్థిస్తారు, కృతజ్ఞతాస్తుతి జరుగుతుంది. రాలేకపోయినవారికి డీకన్లు (సంఘ పరిచారకులు) సత్ప్రసాదం తీసుకెళ్తారు. కలిగినవారు తమకు తోచినంత ఇస్తారు. దానితో అనాథలను, విధవరాళ్లను, రోగులను, చెరలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకుంటారు. కొరింతులో లోటు పడినదేదో ఇక్కడ పద్ధతిగా మారింది. రాలేనివారి కోసం ఆగడమే కాదు, వారి గడప దాకా వెళ్తున్నారు. ఈనాడు పూజ ముగిశాక మంచాన పడినవారి ఇళ్లకు సత్ప్రసాదం వెళ్తోందంటే, ఆ అడుగులు అంత పాతవి.

ప్రపంచంలోని కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) కూడిన రెండవ వాటికన్ మహాసభ 1964లో శ్రీసభను గురించిన తన ప్రకటనలో, దేవుడు మనుషులను ఒకరితో ఒకరికి బంధం లేకుండా విడివిడిగా పవిత్రపరచి రక్షించాలనుకోలేదనీ, వారిని ఒక ప్రజగా కూర్చడం ఆయనకు ఇష్టమైందనీ చెప్పింది. చాలామంది భక్తిని దేవుడికీ తమకూ మధ్య సొంత వ్యవహారంగా చూస్తారు. వ్యక్తిగత ప్రార్థన ఎంతో అవసరం, దాన్ని తక్కువ చేయను. కానీ పూజలో మనం పలికే మాటలను ఒక్కసారి గమనించండి. పాపాన్ని దేవునితోనే కాక "సహోదరులారా, మీతోను" అని ఒప్పుకుంటాం. ప్రభువు నేర్పిన ప్రార్థన తలుపు మూసుకుని ఒంటరిగా చెప్పినా "మా తండ్రీ" అనే అంటాం. పాపసంకీర్తనంలో (గురువు ఎదుట పాపాలు ఒప్పుకునే సంస్కారంలో) క్షమాపణ పొందినవారు దేవునితోపాటు తమ పాపం గాయపరచిన శ్రీసభతోనూ సమాధానపడతారని అదే మహాసభ బోధించింది.

మరి నిజంగా ఒంటరిగా ఉండేవారి సంగతి? పదకొండో శతాబ్దంలో అడవుల్లో ఏకాంతంగా జీవించే సన్యాసులకు ఈ సందేహమే వచ్చింది. గదిలో ఒక్కరే ప్రార్థించేటప్పుడు "ప్రభువు మీతో ఉండునుగాక" అనవచ్చా? ఎదుట ఎవరూ లేరు కదా? పునీత పీటర్ డామియన్ లియో అనే ఏకాంతవాసికి దీని మీద పెద్ద లేఖే రాశారు. అనవచ్చు అన్నారు. క్రీస్తు ప్రేమబంధంలో శ్రీసభ అనేకులలో ఒక్కటిగా, ఒక్కొక్కరిలో సంపూర్ణంగా ఉంటుంది గనుక ఏకాంతవాసి గదిలోనూ సంఘం ఉన్నట్టే అన్నది ఆయన జవాబు. ఆసుపత్రి మంచం మీద ఒంటరిగా జపమాల చెప్పుకునేవారికి ఇంతకంటే ధైర్యమిచ్చే మాట నాకు తెలియదు.

ఆగడం ఎలాగో చేసి చూపించినది మఠజీవితం. ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ రాసిన నియమావళి నలభై మూడో అధ్యాయం ప్రార్థనకు ఆలస్యంగా వచ్చేవారి గురించి. క్రమశిక్షణ గట్టిదే: రాత్రి ప్రార్థనలో తొంభై నాలుగో కీర్తన (ఇప్పటి లెక్కలో తొంభై ఐదు) చివర పలికే త్రిత్వస్తోత్రం (పిత, పుత్ర, పవిత్రాత్మలకు మహిమ) దాటాక వచ్చినవారు తమ స్థానంలో నిలబడకూడదు, అందరికంటే వెనుక నిలబడాలి. అయితే అదే వాక్యంలో ఆయన ఇంకో మాట చేర్చారు. ఆ కీర్తనను అందుకే బాగా సాగదీసి, నెమ్మదిగా చెప్పాలట. నిద్ర తేరుకోవడం ఆలస్యమైన సోదరుడు ఈలోగా వచ్చి చేరతాడని. ఆలస్యమైనవారిని బయటే ఎందుకు ఉంచకూడదో కూడా వివరించారు: బయట ఉంటే వెళ్లి మళ్లీ పడుకుంటారు, లేదా కబుర్లలో పడతారు, లోపలికి వస్తే అంతా పోగొట్టుకోకుండా ఉంటారు. నియమం ఎందుకో తెలిసిన మనిషి రాసిన నియమం ఇది. అదే గ్రంథం మూడో అధ్యాయంలో, ముఖ్యమైన విషయాలకు మఠాధిపతి అందరినీ పిలిచి అభిప్రాయం అడగాలనీ, మేలైనదాన్ని ప్రభువు తరచుగా చిన్నవారికి తెలియజేస్తాడనీ ఉంది.

విచారణ (ఒక గురువు కాపుదలలో ఉండే స్థానిక సంఘం) పెద్దదైన కొద్దీ ఈ ఆగడం కష్టమవుతుంది. వందలమందిలో ఎవరు రాలేదో ఎవరికి తెలుస్తుంది? చిన్న క్రైస్తవ సమూహాల అవసరం అక్కడే వచ్చింది. 1968లో మెడెలిన్‌లో లాటిన్ అమెరికా పీఠాధిపతులు, 1976లో నైరోబీలో తూర్పు ఆఫ్రికా పీఠాధిపతులు వీటికి పెద్దపీట వేశారు. 1990లో బాన్‌డుంగ్‌లో ఆసియా పీఠాధిపతులు శ్రీసభను "సమూహాల సమైక్యత"గా ఊహించారు. దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థలో ఫ్రిట్జ్ లోబింగర్, ఓస్వాల్డ్ హిర్మర్ అనే ఇద్దరు గురువులు పనిచేసేవారు. తర్వాత ఇద్దరూ పీఠాధిపతులయ్యారు. అక్కడ రూపుదిద్దుకున్న ఏడు మెట్ల సువార్త పఠనం ఈనాడు ఎన్నో దేశాల్లోని ఇళ్లలో సాగుతోంది.

అందులో నాకు బాగా నచ్చేవి మూడు, నాలుగు, ఐదు మెట్లు. వాక్యం చదివాక ఒక్కొక్కరు తమను తాకిన పదాన్నో చిన్న వాక్యాన్నో ప్రార్థనగా పైకి చదువుతారు. ఒకరికీ మరొకరికీ మధ్య మౌనం. తర్వాత కొంతసేపు అందరూ మౌనంగా ఉంటారు. ఆపైన ఎవరి మనసుకు తగిలింది వారు చెబుతారు. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది: ఎవరూ ప్రసంగం చేయకూడదు, ఒకరు చెప్పినదాని మీద చర్చ పెట్టకూడదు. అక్షరాలు నెమ్మదిగా కూడబలుక్కుంటూ చదివే పెద్దావిడ కూడా తన వంతు పూర్తిచేసేదాకా, బాగా చదువుకున్నవారు నోరు మెదపకుండా వింటారు. ఆరో మెట్టులో మాత్రం చర్చ ఉంటుంది: ఈ వారం మనం ఏం చేయాలి? ఏ ఇంట్లో జబ్బు ఉంది, ఎవరికి పని పోయింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు? అవన్నీ బయటికొచ్చేది అక్కడే. ఏడో మెట్టు ప్రార్థన.

ఇందులో అపాయం లేకపోలేదు. చిన్న గుంపు తొందరగా తన చుట్టూ గోడ కట్టుకుంటుంది. 1975లో పోప్ ఆరవ పాల్ ఈ సమూహాలను విశ్వశ్రీసభకు ఆశాకిరణమని మెచ్చుకుంటూనే షరతులు కూడా పెట్టారు. దేవుని వాక్యంతో పోషణ పొందాలి, రాజకీయ సిద్ధాంతాల వలలో పడకూడదు, స్థానిక శ్రీసభతోనూ కాపరులతోనూ కలిసి ఉండాలి, సువార్త తమ ఒక్కరికే దక్కిందని ఎన్నడూ అనుకోకూడదు. కొరింతులో ముందుగా తినేసినవారు కూడా ఒక చిన్న సమూహమే కదా! తమలో తాము ఎంత ఆప్యాయంగా ఉన్నా, గుమ్మం దగ్గర నిలబడినవారిని చూడలేదు.

కుటుంబం గృహ శ్రీసభ అని తరచుగా వింటుంటాం. పెళ్లికానివారు, జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారు, పిల్లలు దూరమైనవారు ఆ మాట విన్నప్పుడు నొచ్చుకోవడం సహజం. పోప్ రెండవ జాన్ పాల్ 1981లో వారి కోసమే రాశారు: ఈ లోకంలో కుటుంబం లేనివారెవరూ లేరు, శ్రీసభ అందరికీ ఇల్లూ కుటుంబమూ. ఈ మాట నిజం కావాలంటే ఆదివారం ఆ ఒంటరి మనిషి పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి, రాని రోజున ఎవరో ఒకరు అడగాలి.

ఈ ఆగడం మరణంతో కూడా ముగిసిపోదు. పూజలో గురువు చెప్పే నాలుగో కృతజ్ఞతా ప్రార్థనలో పోపును, పీఠాధిపతిని, అక్కడ కూడినవారిని, నిజాయితీగల మనసుతో దేవుణ్ణి వెదికేవారందరినీ తలచుకుంటాం. తర్వాత క్రీస్తు శాంతిలో మరణించినవారిని, ఆపైన ఎవరి విశ్వాసం దేవునికొక్కడికే తెలుసో ఆ మృతులందరినీ తలచుకుంటాం. హెబ్రీయుల లేఖ అటువైపు నుంచి ఇదే చూపిస్తుంది. ఆబేలు మొదలు ప్రవక్తల దాకా పూర్వ విశ్వాసులను వరసగా తలచి, మనం లేకుండా వారు సంపూర్ణులు కాకుండునట్లు దేవుడు ఏర్పాటు చేశాడని పదకొండో అధ్యాయాన్ని ముగిస్తుంది. మూడో శతాబ్దపు బోధకుడు ఒరిజన్ ఒక ప్రసంగంలో ఈ మాటను గుర్తుచేస్తూ మరో అడుగు ముందుకేశారు: అబ్రహాము ఎదురుచూస్తున్నాడు, ఇస్సాకు, యాకోబు ఎదురుచూస్తున్నారు, అపోస్తలులకు కూడా ఆనందం ఇంకా పూర్తి కాలేదు, ఎందుకంటే మనం ఇంకా చేరలేదు.