లబ్బక్ దారిలో విన్న పాటలు

డాలస్‌లో ఉండే మనవాళ్లు సెలవులొస్తే శాన్ ఆంటోనియో, గాల్వెస్టన్ అంటారు గానీ అదే టెక్సస్‌లో ఉన్న లబ్బక్ ఊరి వైపు కారు తిప్పేవాళ్లు తక్కువ. పడమరగా దాదాపు 550 కిలోమీటర్లు, దారంతా బోసిగా ఉంటుందని పేరు. కంట్రీ అంటే అమెరికా పల్లెల పాటల్లోంచి పుట్టిన సంగీతం. అందులో నాకు ప్రాణమైన మూడు ఆల్బమ్‌లు ఆ ఊరి మనుషులు చేసినవి. వాటిని ఆ నేల మీదే వినాలని నవంబరులో నేనూ మా ఆవిడా బయల్దేరాం.

స్వీట్‌వాటర్ ఊరి గాలిమరలు దాటి 84వ నంబరు హైవే పట్టుకున్నాక టెర్రీ ఆలెన్ ‘లబ్బక్ (ఆన్ ఎవ్రీథింగ్)’ పెట్టాను. 1979లో వచ్చిన డబుల్ ఆల్బమ్. ఆయన చిత్రకారుడు కూడా. కుర్రతనంలో ఊరు వదిలి కాలిఫోర్నియా వెళ్లిపోయినా, ఈ పాటలు రికార్డు చేయడానికి మళ్లీ లబ్బక్ స్టూడియోకే వచ్చాడు. ఒక పాటలో ఫుట్‌బాల్ హీరోగా ఊరంతా నెత్తిన పెట్టుకున్న కుర్రాడు చివరికి దొంగతనానికి దిగుతాడు. నవ్వు వస్తుంది, ఆ వెంటనే జాలేస్తుంది. పోస్ట్ అనే చిన్న ఊరు దాటగానే రోడ్డు గట్టు ఎక్కుతుంది. పైకి చేరాక కొండా గుట్టా ఉండదు, కనుచూపు మేర చదునే. ఆ ఆల్బమ్‌లో లాయిడ్ మెయిన్స్ పెడల్ స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించేది) మీద స్వరాన్ని అంతంత పొడుగు ఎందుకు సాగదీస్తాడో ఆ చదును మీద విన్నప్పుడు నాకు బాగా పట్టుబడింది.

అప్పుడు పత్తి తీత జోరుగా నడుస్తోంది. మనిషి ఎత్తును మించిన పత్తి ఉండలకు పసుపు, గులాబీ రంగు ప్లాస్టిక్ చుట్టి చేల పక్కన వరసగా పెట్టారు. గుంటూరు పత్తి చేలల్లో కూలీల మాటలు వింటూ పెరిగిన నాకు, మైళ్ల కొద్దీ చేనులో ఒక్క యంత్రం తిరగడం వింతగా తోచింది. రోడ్డు పక్క ఎండుగడ్డికి పింజలు అంటుకుని గాలికి ఊగుతున్నాయి. అక్కడ కాసేపు ఆగి బుచ్ హ్యాంకాక్‌ను విన్నాం. ‘వెస్ట్ టెక్సస్ వాల్ట్జెస్ అండ్ డస్ట్-బ్లోన్ ట్రాక్టర్ ట్యూన్స్’, 1978. గొంతు, గిటార్, మౌతార్గన్, అంతే. ట్రాక్టర్ నడుపుతూ పాటలు కట్టుకున్న మనిషి. ఇంత తక్కువ సరంజామాతో ఇంత నిండుగా ఉన్న ఆల్బమ్‌లు నేను విన్నవి కొన్నే.

లబ్బక్‌లో, 22 ఏళ్లకే పోయిన రాక్ అండ్ రోల్ గాయకుడు బడ్డీ హాలీ సమాధి చూశాం. రాతి పలక మీద అభిమానులు వదిలిన గిటార్ పిక్‌లు, నాణేలు ఉన్నాయి.

తిరుగు దారిలో మూడో ఆల్బమ్, ఫ్లాట్‌ల్యాండర్స్ బృందానిది. హ్యాంకాక్, జో ఈలీ, జిమ్మీ డేల్ గిల్మోర్ కుర్రాళ్లుగా ఉన్నప్పుడు 1972లో నాష్‌విల్‌లో రికార్డు చేసిన పాటలివి. అప్పట్లో ఆ ఆల్బమ్ 8-ట్రాక్ టేపుగా (ఆ రోజుల్లో కార్లలో వాడిన ఒక రకం క్యాసెట్) తప్ప బయటికి రాలేదు. 1990లో రౌండర్ సంస్థ ‘మోర్ ఎ లెజెండ్ దేన్ ఎ బ్యాండ్’ పేరుతో మళ్లీ తెచ్చింది. పాటల వెనక సన్నగా వణికే రాగం విని మా ఆవిడ, “ఎవరో ఆడమనిషి దూరంగా పాడుతున్నట్టుందండీ” అంది. అది రంపం. కొయ్య కోసే రంపాన్ని వంచి, కమానుతో వాయిస్తారు. నమ్మలేక ఆ పాట మళ్లీ పెట్టించుకుంది.

కంట్రీ సంగీతం అలవాటు లేనివాళ్లు ఈ మూడింట్లో ఫ్లాట్‌ల్యాండర్స్‌తోనే మొదలుపెట్టండి. రాత్రిపూట విమానంలోంచి కనిపించే డాలస్ గురించి గిల్మోర్ రాసిన పాట అందులో మొట్టమొదట వినండి. టెర్రీ ఆలెన్‌ను మాత్రం తీరిగ్గా, నాలుగైదు గంటల ప్రయాణం ఉన్న రోజున పెట్టుకోండి.