మా ఇంట్లో ఎలుకలు, ఓనరు గారి తాళం గది

మొదట సబ్బు పోయింది. బాత్రూం గూట్లో పెట్టిన కొత్త సబ్బు పొద్దున్న చూస్తే ఓ మూలంతా గాట్లు, మా చిన్నోడు గోళ్ళతో గీకేడనుకుని వాణ్ణి కేకలేసేను, పాపం వాడు "నాను కాదు నాన్నా" అని ఏడ్చేడు కూడా. రెండ్రోజులకి గోధుమపిండి ప్యాకెట్టు అడుగున చిల్లు. ఆ తర్వాత వాషింగ్ మెషీన్ వైరు. అప్పుడు గానీ వాడికి సారీ చెప్పలేదు.

మేం ఈ ఇంట్లోకి వచ్చి ఏడాదిన్నర అయింది. ఒడిశాలో పర్లాకిమిడి, అందులో పాత వీధి, ఇల్లు ముందునుంచి వెనక్కి రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది, రెండు పక్కలా ఉమ్మడి గోడలే, పైన సగం పెంకులు సగం స్లాబు. ముందు పోర్షన్లో ఒడియా వాళ్ళు, మధ్యలో మేం, వెనక ఓనరు గారి గది, దానికెప్పుడూ తాళం. ఓనరు గారు ఆంధ్రా వైపు పాతపట్నంలో కొడుకు దగ్గర ఉంటారు. అంటే బోర్డరు దాటితే చాలు, ఆటో ఎక్కితే వచ్చేయొచ్చు, కానీ ఇంటికి ఏదైనా రిపేరు వచ్చిందని ఫోన్ చేస్తే మాత్రం "వేరే రాష్ట్రం కద బాబూ, అంత దూరం రావాలంటే కష్టం" అంటారు. అద్దెకి మాత్రం ఏ రాష్ట్రమైనా ఒకటే.

గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, వాడుక భాష కోసం ఆయన అంత పోరాడేరు, కాబట్టి ఆ రాత్రుళ్ళు నేను ఎలుకల్ని ఏ భాషలో తిట్టేనో చెప్పక్కర్లేదు.

సరే, బోను తెచ్చేను. లోపల ఎండుచేప ముక్క కట్టి పొయ్యి గట్టు కింద పెట్టేను. మొదటి రాత్రే టప్ మని పడింది. చిట్టెలుక, నా బొటనవేలంత ఉంది. దాన్ని ఊరి బయట వదిలేసి వచ్చి ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. పదిరోజుల్లో ఐదు పడ్డాయి, ఇంక అయిపోయాయి అనుకున్నాను. తర్వాత తెలిసిందేంటంటే వీటికి మూడు వారాలకి కాన్పు, కాన్పుకి ఐదారు పిల్లలు, ఆ పిల్లలు నెలన్నర తిరక్కుండా మళ్ళీ కాన్పుకి రెడీ. నేను పదిరోజులు చేప ఖర్చు పెట్టి పట్టింది గోడ లోపల ఒక్క కాన్పుతో చెల్లు.

మందు కోసం బజార్లో షాపుకెళ్తే ముందు ట్యూబులో వచ్చే పేస్టు చూపించేడు, నేను వద్దన్నాను. అందులో ఎల్లో ఫాస్ఫరస్ ఉంటుంది, కడుపులోకి పోతే లివరు పోతుంది, దానికి విరుగుడు మందు లేదు, చిన్నపిల్లలున్న ఇంట్లో అది ట్యూబు మూత తీసి పెట్టడమా, నా వల్ల కాదు. అప్పుడు నీలం రంగు బిళ్ళలిచ్చేడు, బ్రోమాడియోలోన్ అని రాసుంది. ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, దీనికైతే విటమిన్ కె విరుగుడు ఉంది, అయినా పిల్లలకి అందకుండానే పెట్టాలి. షాపతను ఒక ముక్క మాత్రం చెప్పలేదు. తిన్న ఎలుక అక్కడే పడి చావదు, మూడు నాలుగు రోజులు తిరుగుతూనే ఉండి ఎక్కడో దూరి చస్తుంది. మాది చచ్చింది వంటింటి అటక వెనకాల గోడలో. ఆ వారం గురించి ఎక్కువ రాయను గానీ మా అత్తగారు టెక్కలి నుంచి వచ్చి రెండు ముద్దలు తిని "నాకు ఆకలి లేదమ్మా" అని లేచిపోయేరు, మా ఆవిడ నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అగరొత్తులు వెలిగిస్తే వాసన పోలేదు, చచ్చిన ఎలుకకి పూజ చేసినట్టుంది అంతే.

జిగురు అట్ట ఒక్కసారే పెట్టేను. రాత్రి రెండు గంటలకి కీచు కీచుమని అరుపు, లైటు వేసి చూస్తే నాలుగు కాళ్ళూ, మీసాలతో సహా ఓ చెంపా అతుక్కుపోయి ఉన్నాయి, మిరియం గింజంత కన్ను నాకేసే చూస్తోంది. వంటనూనె పోసి దూదితో మెల్లిగా రాస్తే అరగంటకి వదిలింది, నూనెతో తడిసి ముద్దయి గడప దాటి పోయింది. అంటే దాన్ని పట్టిందీ నేనే, నూనె పెట్టి తల అంటిందీ నేనే.

ముందు పోర్షన్ మావుసి, అంటే ఒడియాలో పిన్ని, ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడకి తెలుగు వచ్చు, మాకు ఒడియా వచ్చు, మధ్యలో ఏదో భాషలో మాట్లాడుకుంటాం. "గణపతి బండి అది, దాన్ని చంపితే ఎలాగ బాబూ" అంది. మరి మీ ఇంట్లో లేవా అనడిగితే నవ్వి, లేకేం, చీపురుతో తరిమేస్తాను, మీ వైపు పోతాయి అంది! నేనూ అదే చేస్తున్నాను, మా వైపు నుంచి వాళ్ళ వైపు. ఏడాదిగా రెండిళ్ళ వాళ్ళం ఒకరికొకరు ఎలుకల్ని పంపించుకుంటున్నాం అన్నమాట.

ఇంక ఇలా కాదని ఆ రాత్రి పడుకోబోయే ముందు గోడల వారంటా ముగ్గుపిండి పల్చగా జల్లేను. ఐడియా మా ఆవిడది, పేరు నేను కొట్టేసేను. ఎలుక గది మధ్యలోంచి పోదు, గోడని రాసుకుంటూ పోతుంది, కాబట్టి అడుగులు పడతాయి. పొద్దున్న చూస్తే చుక్కల ముగ్గు వేసినట్టే ఉంది, చిన్న చిన్న పాదాలు, అక్కడక్కడా తోక ఈడ్చిన గీత. మేం అనుమానపడ్డ తూము దగ్గర ఒక్క అడుగు లేదు. అన్నీ వెనక్కి, తాళం వేసిన గది తలుపు దగ్గరికి. తలుపు కింద మూల చెద తినేసి చిన్న సందు, పెన్సిల్ దూర్చి చూస్తే దూరింది. పెన్సిల్ దూరితే చిట్టెలుక దూరిపోతుంది, దానికి తల పడితే చాలు.

ఓనరుకి ఫోన్ చేసి ఎలుకలండీ అంటే పాత పాటే. అప్పుడు "మీ నాన్నగారి ఖాతా పుస్తకాలు ఆ గదిలోనే కదండీ ఉన్నాయి" అన్నాను. మర్నాడు ఎనిమిది గంటలకల్లా గుమ్మంలో ఉన్నారు.

తాళం తీస్తే రెండు బస్తాలు పాత రాగులు, పరుపులు, ట్రంకు పెట్టెలు, ఖాతా పుస్తకాలైతే సగం రవ్వ అయిపోయాయి. పరుపు మడతలో గూడు. ఆ గూటిలో అద్దె రసీదుల ముక్కలు, వాళ్ళావిడ బరంపురం పట్టుచీర అంచు పోగులు, మా చిన్నోడి నీలం సాక్సు, అది పోయిందని కూడా వాణ్ణే తిట్టేను. మధ్యలో కళ్ళు తెరవని గులాబీ రంగు పిల్లలు ఆరు. ఓనరు గారు, నేను ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. మావుసి వచ్చి చేట మీదకి ఎత్తుకుని బయటికి పోయింది, ఎక్కడికని మేమెవరం అడగలేదు.

ఆ పెంటికల్ని పొడిగా ఊడ్చకూడదు, దుమ్ము ముక్కులోకి పోతుంది, బ్లీచింగ్ నీళ్ళు జల్లి నానబెట్టి గ్లౌజులతో తీసేం, వాటి ఉచ్చతో జ్వరాలు వస్తాయి. రాగులు పోయాయి. ఆదివారం మేస్త్రీ వచ్చేడు, కన్నాల్లో గిన్నెలు తోమే ఇనప పీచు కుక్కి, పైన గాజుపెంకులు కలిపిన సిమెంటు, తలుపు కింద రేకు, తూముకి జాలీ, ముందు పోర్షన్లో కూడా అదే రోజు. ఒక్కళ్ళింట్లో మూస్తే పక్కింట్లోకి పోతాయి, ఇది మాత్రం బాగా తెలిసొచ్చింది. నాలుగు నెలలైంది, సబ్బు సబ్బులాగే ఉంది. అప్పుడప్పుడు చుంచు ఒకటి కిచకిచమంటూ గోడ వారగా పోతుంది, దాన్ని పోనిస్తున్నాం, అది బొద్దింకల్ని తినేది, బియ్యం జోలికి రాదు.

మొన్న ఒకటో తారీకున ఓనరు గారి ఫోను. ఇల్లు బాగు చేయించేను కద బాబూ, వచ్చే నెల నుంచి మూడొందలు పెంచుతున్నాను అన్నారు. స్పీకర్లో విన్న మా ఆవిడ, ఏడాదిన్నర ఆరేడు కుటుంబాలు ఆ గదిలో అద్దె లేకుండా ఉన్నాయి, ముందు వాళ్ళ బాకీ వసూలు చేసుకోమనండి అంది.