విల్సన్స్ ప్రామ్‌లో క్యాంపింగ్: జంతువులు కనపడటం కాదు కష్టం

టైడల్ రివర్‌లో టెంట్ వేసుకోవడానికి చోటు దొరకడమే మొదటి గండం. మెల్‌బోర్న్ నుంచి దాదాపు మూడు గంటల ప్రయాణం. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం దక్షిణాన సముద్రంలోకి ముగిసిపోయే కొస మీద ఉంది విల్సన్స్ ప్రామంటరీ నేషనల్ పార్క్. ఇక్కడివాళ్లంతా ప్రామ్ అనే అంటారు. కారు పక్కనే టెంట్ వేసుకోవాలంటే ప్రధానంగా ఉన్నది టైడల్ రివర్ క్యాంపే. అందులో వందల సైట్లున్నా క్రిస్మస్ సెలవులకి లాటరీ తీస్తారు, అంత గిరాకీ.

మేము వెళ్లింది 2025 మార్చిలో. అప్పుడు ఇంకో చిక్కు ఉండేది. 2024 డిసెంబర్ నుంచి 2025 జూన్ దాకా మా విక్టోరియా రాష్ట్రంలోని పార్కుల్లో క్యాంపింగ్ ఫీజు ఎత్తేశారు. ఉచితం అనేసరికి వెళ్తామో లేదో తేల్చుకోకుండానే జనం బుక్ చేసి పెట్టుకున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ నిండిపోయి ఉంటాయి, వెళ్లొచ్చిన స్నేహితులేమో ఖాళీ సైట్ల ఫొటోలు పంపిస్తారు. ఒళ్లు మండేది. చివరికి మా ఆయన పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి, ఆఫీసుకెళ్లే రైల్లో ఒకసారి చూడటం మొదలుపెట్టాడు. శని, ఆదివారాలు వదిలేసి, వారం మధ్యలో ఎవరో రద్దు చేసుకున్న సైట్ పట్టుకున్నాడు. చిన్న పిల్లలున్నవాళ్లకి, రిటైరైన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకి నేను చెప్పేది కూడా ఇదే. వారాంతం మీద ఆశ వదులుకుంటే సగం టెన్షన్ పోతుంది.

మా ఇంట్లో ఆ పెద్దమనిషి మా మామయ్య. మార్కాపురం దగ్గర పల్లెటూరు. కంది చేలో అడవిపందులు పడకుండా మంచె మీద రాత్రుళ్లు కాపలా పడుకున్న మనిషి. ప్లాన్ వినగానే, "డబ్బులిచ్చి చేలో పడుకోవడమేంట్రా?" అన్నాడు.

"డబ్బులు కూడా లేవు నాన్నా, ఫ్రీ" అన్నాడు మా ఆయన.

సామాను సర్దడంలో అసలు సంగతి తిండి. ప్రామ్‌లో మంట వేసుకోనివ్వరు, గ్యాస్ స్టవ్ తీసుకెళ్లాలి. లేదా అక్కడున్న ఉచిత బార్బెక్యూ పొయ్యిలు వాడుకోవాలి. పులిహోర, చపాతీలు, వేయించిన వేరుశనగపప్పు, మామయ్యకి గోంగూర పచ్చడి. ఏది తీసుకెళ్లినా ఒకటే నియమం: టెంట్‌లో ఒక్క బిస్కెట్ కూడా ఉండకూడదు. అంతా కారులో పెట్టి, అద్దాలు పూర్తిగా ఎక్కించి, తాళం వెయ్యాలి. ఎందుకంటే వాంబాట్. ఇరవై ముప్పై కిలోల బరువుతో, పొట్టి కాళ్లతో, చూడ్డానికి మందకొడిగా కనపడే, కంగారూలాగా పిల్లని సంచిలో మోసే జంతువు. తినేది గడ్డీ, వేళ్లూ. కానీ క్యాంపుల్లో తిండి రుచి మరిగినవి టెంట్ గుడ్డని పళ్లతో చింపి లోపలికి వచ్చేస్తాయి. జిప్పు ఎటువైపుందో వెతుక్కునే ఓపిక వాటికి లేదు. పగటిపూట కూకబర్రా పిట్టలు కాపలా కాస్తాయి, పొయ్యి మీంచి మాంసం ముక్క ఎత్తుకుపోవడం వాటికి చాలా తేలిక. జాలిపడి మనం ఏదీ పెట్టకూడదు, అది చట్టప్రకారం తప్పు కూడా.

మధ్యాహ్నం చేరాం. మా ఆయన చెట్టు నీడ చూసి పట్టా పరిచి మేకులు తీశాడు. మామయ్య సాయం చెయ్యకుండా చేతులు వెనక్కి కట్టుకుని సైట్ చుట్టూ తిరుగుతున్నాడు. పొదల అంచున ఆగి నన్ను పిలిచాడు.

"ఇదేంటమ్మాయ్, ఎవరో అచ్చు పోసినట్టుంది?"

ఒక రాయి మీద వాంబాట్ పెంటికలు. పాచికల్లాగా నాలుగు పలకలుగా ఉన్నాయి. వాంబాట్ పేగు గోడ ఒకచోట బిగుతుగా, ఒకచోట సాగేలా ఉంటుంది, అందుకే ఆ ఆకారం. ఈ సంగతి తేల్చినవాళ్లకి 2019లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది) బహుమతి కూడా ఇచ్చారు. ఎత్తైన రాళ్ల మీద, దుంగల మీద గుర్తుగా పెడతాయి. పలకలుగా ఉంటే దొర్లిపోవు కదా అని కొందరంటారు. ఇదంతా నేను ఉత్సాహంగా చెప్తుంటే మామయ్య వినడం లేదు. ఆ రాయి దగ్గర్నుంచి గడ్డిలో అణిగిన సన్నటి బాట ఒకటి నేరుగా మా పట్టా మీదుగా వెళ్తోంది. దాన్ని చూస్తున్నాడు.

"ఇది దాని దారి. టెంట్ అటు జరపండి."

విసుక్కుంటూనే జరిపాం. మా ఆయన కొట్టిన మేకులన్నీ పీకాల్సొచ్చింది మరి.

సాయంత్రం స్క్వీకీ బీచ్‌కి వెళ్లొచ్చాం. గుండ్రటి క్వార్ట్జ్ ఇసుక, నడుస్తుంటే కాలి కింద కీచుమంటుంది. మా అబ్బాయి ఆగకుండా గెంతాడు, ఇంతకంటే అక్కడ చెప్పడానికేం లేదు. పొద్దుగూకేలోపు తిరిగొచ్చేశాం. సందెవేళ ఆ రోడ్ల మీద కారు నడపడం మంచిది కాదు, కంగారూలు, వాటి చిన్న సైజు చుట్టాలు వాలబీలు ఎటునుంచి దూకుతాయో తెలీదు.

రాత్రి భోజనాలయ్యాక టార్చ్‌కి ఎర్ర జిలుగు కాగితం చుట్టి పెట్టాను. తెల్లటి వెలుగు ముఖం మీద పడితే రాత్రి తిరిగే జంతువులు బెదురుతాయి. వెతకడానికి ఎక్కడికీ వెళ్లలేదు, కుర్చీలు వేసుకుని మాటల్లేకుండా కూర్చున్నాం. ముందు చప్పుడే వినిపించింది. పరపరా గడ్డి తెంపుతున్న చప్పుడు, మధ్యలో ముక్కుతో గట్టిగా వదిలిన ఊపిరి. ఆ బాట మీదే, మేము టెంట్ తీసేసిన చోటి మీదుగా వచ్చింది. నున్నటి నల్ల ముక్కు, చిన్న చెవులు, బొద్దుగా గోధుమరంగు ఒళ్లు. మాకు మూడు నాలుగు అడుగుల దూరంలో ఆగింది, మా వైపు తలెత్తి కూడా చూడలేదు. గడ్డిని నేలబారుగా కొరుకుతూ తన పని తాను చూసుకుంది. మా అబ్బాయి ఊపిరి బిగబట్టి నా చెయ్యి గిచ్చేశాడు. పొట్ట కింద ఏదో కదిలినట్టుంటే పిల్ల ఉందేమోనని వంగి చూశాను. వాంబాట్ సంచి వెనక్కి తెరుచుకుంటుంది, బొరియ తవ్వేటప్పుడు మట్టి పిల్ల మీద పడకుండా. ఆ వెలుగులో ఏమీ తేలలేదు.

ఇంకో గంటకి పక్క సైట్‌లో గోల. స్టూడెంట్స్ గుంపు, టెంట్‌లో చిప్స్ ప్యాకెట్ వదిలేసి బాత్రూమ్‌కి వెళ్లారట. వచ్చేసరికి టెంట్ గోడకి తలుపంత కంత. మామయ్య లేచి వెళ్లి, భాష రాకపోయినా, మిగతా తిండి కారులో పెట్టించి వచ్చాడు. చేలో కాపలా అనుభవం ఎక్కడికి పోతుంది.

తెల్లవారుజామునే లేచి పార్క్ ముఖద్వారం వైపు ఉన్న ప్రామ్ వైల్డ్‌లైఫ్ వాక్‌కి వెళ్లాం. పాత ఎయిర్‌స్ట్రిప్ చుట్టూ రెండున్నర కిలోమీటర్ల లోపే ఉండే చదును దారి, పెద్దవాళ్లు కూడా హాయిగా నడవొచ్చు. జంతువులు చూడాలంటే పార్క్ మొత్తంలో నేను ముందు చెప్పేది ఈ చోటే. మంచు ఇంకా విడలేదు. బూడిదరంగు కంగారూల గుంపు చెవులు మాత్రం మా వైపు తిప్పింది. రెండు ఈములు మేమెవరో పట్టనట్టు దాటిపోయాయి. పాములుంటాయి కాబట్టి గడ్డిలోకి దిగలేదు, బూట్లు తప్పనిసరి.

పొదల్లోంచి పొట్టి జింక ఒకటి తల కిందికి దించి, పందిలా దూసుకుపోయింది. మామయ్య గబుక్కున, "ఇది మన వైపుదిలా ఉందే!" అన్నాడు. నిజమే. దాని పేరు హాగ్ డీర్. 1860ల్లో వేట సరదాకి ఆసియా నుంచి తెచ్చి విక్టోరియాలో వదిలారు. మన దేశంలో కాజిరంగా లాంటి చోట్ల మిగిలింది, ప్రపంచం మొత్తం మీద చూస్తే అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. ఇక్కడేమో స్థానిక మొక్కలు తినేస్తోందని పార్కులో సంఖ్య తగ్గించే పని చేస్తారు. విని కాసేపు ఆలోచించి, "వీసా లేకుండా సెటిలైందన్నమాట" అన్నాడు.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక వాంబాట్ మిట్టమధ్యాహ్నం ఎండలో తిరుగుతూ కనపడింది. మా అబ్బాయికి సంబరం, నాకు అనుమానం. పగలు బయట తిరిగేది చాలాసార్లు జబ్బు చేసిందే అయ్యుంటుంది. దగ్గరకి వెళ్లకుండా ఫొటో తీసి పెద్దది చేసి చూశాం. చెవి వెనక బొచ్చు ఊడి, చర్మం బెరడు కట్టింది. మామయ్య చూడగానే గజ్జి అన్నాడు. అదే. చర్మంలో తొలిచే పురుగు వల్ల వస్తుంది, మందు పడకపోతే ప్రాణం తీస్తుంది.

విజిటర్ సెంటర్‌లో చెప్పాను. ఎక్కడ, ఎన్నింటికి, ఎటు వెళ్లింది అని అడిగి రాసుకుంది అక్కడున్నావిడ. వైద్యం ఎలా చేస్తారని మామయ్య నాతో అడిగించాడు. విక్టోరియాలో చాలాచోట్ల వాలంటీర్లు బొరియ నోటికి ఒక రేకు వేలాడదీసి, దానికి బిగించిన మూతలో మందు పోసి పెడతారట. వాంబాట్ తోసుకుంటూ వెళ్లినప్పుడు మందు వీపు మీద ఒలుకుతుంది. ఆ మందు ఏదో కాదు, పశువులకి పురుగులు పోవడానికి వెన్ను మీద పోసేదే.

మామయ్య నా ఫోన్ తీసుకుని ఆ మందు పేరు తెలుగులో రాసిమ్మన్నాడు. మా ఊరి పశువుల డాక్టర్‌ని అడగాలి అన్నాడు.