ఫ్లెమింగో పిల్లని ఎత్తుకున్న పొద్దు

మాది సూళ్లూరుపేట దగ్గర. చిన్నప్పట్నుంచి ప్రతి చలికాలం పులికాట్‌లో ఫ్లెమింగోల్ని చూస్తూనే పెరిగా, కానీ ఎప్పుడూ దూరం నుంచే, నీళ్ళ మీద గీసిన లేత గులాబీ గీతలాగా కనిపించేవి. పిల్లల్ని మాత్రం చూళ్ళేదు, అవి మన దగ్గరకి తిండి కోసమే వస్తాయి కదా, మన దేశంలో వేలకొద్దీ గూళ్ళు పెట్టేది అక్కడెక్కడో కచ్ రణ్‌లో. చివరికి ఆ పిల్లల్ని నేను స్పెయిన్‌లో చూశా, ఉద్యోగానికి అక్కడి మాలగా అనే ఊరికి వచ్చాక.

ఇక్కడ ఫ్వెంతె దె పియెద్రా అని ఒక ఉప్పు సరస్సు ఉంది. అక్కడికొచ్చేవీ మన పులికాట్ జాతే, గ్రేటర్ ఫ్లెమింగో. వానలు బాగా పడిన ఏళ్ళలోనే గూళ్ళు పెడతాయి, ఎండిపోయిన ఏడు అసలు పెట్టవు. 1986 నుంచి పిల్లల కాళ్ళకి రింగులు వేస్తున్నారు, దానికి వందలమంది వాలంటీర్లు కావాలి. ఆఫీసులో ఒకాయన వస్తావా అంటే రెండో మాట లేకుండా బయల్దేరా.

తెల్లారకముందే, చీకట్లో, టార్చి లేకుండా, మాట్లాడకుండా సరస్సు చుట్టూ వరసగా నిలబడ్డాం. కాళ్ళ కింద ఉప్పు పెళపెళా విరుగుతోంది, దాని కింద బురద. ఇంకా ఎగరడం రాని పిల్లలన్నీ ఒకే మందగా ఉంటాయి. పెద్దవి మేత కోసం 100 కిలోమీటర్లకి పైనే ఎగిరెళ్ళి గ్వాదల్‌కివీర్ నది చిత్తడి నేలల దాకా పోతాయట, తిరిగొచ్చి అంత మందలోనూ గొంతుని బట్టే తమ పిల్లని పట్టుకుంటాయి. వెలుగు రాగానే మేం మెల్లగా దగ్గరవుతుంటే ఆ బూడిదరంగు మంద మొత్తం కదిలి ముందే కట్టిన దడిలోకి పోయింది, ఆ అరుపులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

నా పని మోయడం. రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోవాలి, కాళ్ళు మెలిపడకుండా చూసుకోవాలి, అవి చాలా సున్నితం, అన్నిటికంటే దానికే భయపడ్డా. చేతుల్లోకి తీసుకుంటే గుండె టకటకా కొట్టుకోవడం నా అరచేతికి తెలిసింది. ముక్కు అప్పుడప్పుడే వంపు తిరుగుతోంది, పుట్టినప్పుడు తిన్నగానే ఉంటుందంట. గులాబీ రంగు ఎక్కడా లేదు, తిండిలోంచి ఆ రంగు ఒంటికి పట్టడానికి ఏళ్ళు పడుతుంది. బరువు తూచారు, రెక్క కొలిచారు, మనం మోకాలు అనుకునే చోటికి పైన (అది నిజానికి చీలమండ!) ఒక లోహపు రింగు, ఇంకో కాలికి పెద్ద అక్షరాల ప్లాస్టిక్ రింగు. దాన్ని టెలిస్కోప్‌తో దూరం నుంచే చదవొచ్చు, మళ్ళీ పట్టుకోవాల్సిన పనే లేదు. అలా చదివే, ఇవి 40 ఏళ్ళ పైన కూడా బతుకుతాయని తెలిసింది.

ఎండ ముదరకముందే అన్నిటినీ వదిలేశారు. బురద కాళ్ళతోనే నాన్నకి వీడియో కాల్ చేసి చూపించా. ఆయన చాలాసేపు చూసి "ఇంత నల్లగా ఉన్నాయేందిరా, మనూరికొచ్చేవేనా ఇవి?" అన్నాడు. అవే నాన్నా అన్నా. ఈ చలికాలం సెలవకి ఊరికెళ్తున్నా, నాన్నకి టెలిస్కోప్ తీసుకెళ్తున్నా.