పోస్ట్ డ్యూటీ (రాత్రి డ్యూటీ ముగిసిన) పొద్దున జరిగే పొరపాట్లు

జూనియర్ డాక్టర్ల డ్యూటీ అనగానే వారానికి ఎన్ని గంటలన్నదే అందరూ అడుగుతారు. నా లెక్కలో అంతకన్నా ముందు అడగాల్సింది, ఏకధాటిగా ఎన్ని గంటలని. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే కొలిచి చూపించారు. 24 గంటలైతే దాదాపు 0.10 శాతం. 2004 నాటి ఒక అధ్యయనంలో, డ్యూటీ గంటలు తగ్గించిన రోస్టర్‌తో పోలిస్తే, 24 గంటలు మించిన పాత రోస్టర్‌లో ఐసీయూ ఇంటర్న్‌ల తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువ.

నిద్రమత్తు తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్య బాగా లాగుతుంది. అప్పుడు తప్పేది పెద్ద డయాగ్నసిస్ కంటే చిన్న రాత. ఇన్సులిన్ ‘10U’ అని గిలికితే ఆ ‘U’ సున్నాలా కనబడి 100 అవుతుంది. కాబట్టి ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయాలి. 5.0 అని రాస్తే చుక్క చెరిగి 50 అవుతుంది, 5 చాలు. అదే .5 అయితే ముందు సున్నా తప్పనిసరి. అలసటలో తన రాతను తానే సరిచూసుకుంటే తప్పు దొరకదు. నర్సుతో పైకి చదివించాలి.

మరి గంటలు తగ్గిస్తే? తగ్గించాల్సిందే, కానీ డ్యూటీ చిన్నదైన కొద్దీ పేషెంట్ ఒక డాక్టర్ చేతి నుంచి మరొకరి చేతికి మారడం పెరుగుతుంది. అమెరికాలో 2011లో మొదటి ఏడాది జూనియర్ డాక్టర్లకు ఏకధాటి డ్యూటీకి 16 గంటల హద్దు పెట్టి, 2017లో మళ్లీ 24 గంటలకు (పైన 4 గంటలు హ్యాండోవర్, అంటే పేషెంట్ల వివరాలు తర్వాతి డాక్టర్‌కి అప్పజెప్పడం, వగైరాలకు) తెచ్చారు. ఆ వెనకడుగు నాకు నచ్చలేదు; బాగుచేయాల్సింది హ్యాండోవర్‌ని. ‘స్టేబులే, పొటాషియం చూడండి’ అంటే ఏమీ చెప్పనట్టే. ‘7కి శాంపిల్ పంపాం, 9కి రిపోర్ట్ వస్తుంది, పొటాషియం 6 దాటితే వెంటనే ఈసీజీ తీసి సీనియర్‌కి ఫోన్’ అనాలి. విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. అందరూ ఎగ్గొట్టేది సరిగ్గా ఈ ఆఖరి మెట్టునే.

రాత్రి కునుకు 20 నిమిషాలు చాలు. గాఢనిద్రలోంచి లేపితే మరో అరగంట బుర్ర పనిచేయదు, లేచీలేవగానే ఫోన్‌లో డోసు చెప్పకూడదు. కాఫీ ప్రభావం సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. తెల్లవారుజామున 3 దాటాక తాగితే పగటి నిద్ర చెడుతుంది. బండి తాళం మాత్రం పొద్దున ముట్టుకోవద్దు. ఎవరైనా దింపాలి, లేదంటే డ్యూటీ రూమ్‌లోనే పడుకుని వెళ్లాలి.