సీపీసీలో వేలి గాయాలు: నేను మార్కులు పోగొట్టుకున్న చోటు

మెడికల్ కోడింగ్ (రోగి జబ్బునీ, చికిత్సనీ కోడ్లుగా రాసే పని) వాళ్ల కోసం ఏఏపీసీ అనే సంస్థ పెట్టే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటల టైమ్, పాసవ్వాలంటే 70 శాతం రావాలి. కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయొచ్చు. పుస్తకం ఉంది కదా అన్న ధీమాతోనే మొదటిసారి ఫెయిలయ్యాను. గుండె ఆపరేషన్లకు వారాలు కేటాయించి, వేలు తెగిన కేసుల్ని ‘ఇందులో ఏముంది’ అని వదిలేశాను. తర్వాత ప్రాక్టీస్ పేపర్లు తిరగేస్తే ఎక్కువ తప్పులు అక్కడే ఉన్నాయి.

ఒక కేసు చూడండి. కత్తి తగిలి కుడి చూపుడు వేలు తెగింది. గోరు బాగానే ఉంది, లోపల ఏమీ ఇరుక్కోలేదు. 2 సెం.మీ. గాయానికి ఒకే పొరలో కుట్లు వేశారు. గాయానికి ఎస్61.210ఏ, కుట్లకి 12001, కత్తికి డబ్ల్యూ26.0ఎక్స్ఎక్స్ఏ. అదే గోరు కూడా దెబ్బతింటే ఎస్61.310ఏ అవుతుంది. ఆప్షన్లలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, మన కళ్లేమో ‘చూపుడు వేలు’ దగ్గరే ఆగిపోతాయి. అందుకే డాక్టర్ రాసిన నోట్ చదవగానే ముందు గోరు సంగతి వెతకడం అలవాటు చేసుకున్నాను.

గాయం కోడ్‌లో ఆరో అక్షరానికి నేను పెట్టుకున్న గుర్తు: సరి సంఖ్య కుడి చేయి, బేసి సంఖ్య ఎడమ. 0, 1 చూపుడు వేలు, 2, 3 మధ్య వేలు, అలా చిటికెన వేలికి 6, 7. మాడిఫయర్ల (చికిత్స ఏ వేలికో చెప్పడానికి చికిత్స కోడ్ పక్కన పెట్టేవి) వరస వేరు, ఇక్కడే బుర్ర తిరుగుతుంది. ఎడమ బొటనవేలు ఎఫ్ఏ, అక్కణ్నుంచి ఎడమ చిటికెన వేలు ఎఫ్4 వరకు. కుడి బొటనవేలు ఎఫ్5, కుడి చూపుడు వేలు ఎఫ్6. గోరు కింద గడ్డకట్టిన రక్తం తీసే 11740 లాంటి వాటికి ఇవి పనికొస్తాయి.

నన్ను బాగా ముంచింది ఏడో అక్షరం. ‘ఏ’ అంటే మొదటి విజిట్ అనుకునేదాన్ని. కాదు, చికిత్స ఇంకా నడుస్తోందని అర్థం. కుట్లు విప్పించుకోడానికి వస్తే అదే గాయం కోడ్ చివర ‘డీ’ పెట్టాలి. నేనేమో కుట్లు విప్పడానికని ఉండే జెడ్48.02 పెట్టి వచ్చాను. గాయాలకి ఆ ఆఫ్టర్‌కేర్ (చికిత్స తర్వాతి సంరక్షణ) జెడ్ కోడ్లు వాడకూడదని గైడ్‌లైన్స్‌లో స్పష్టంగా ఉంది. నేనే చదవలేదు.

ఇక కుట్ల పొడవు. వేలి మీద 2, అరచేతిలో 1.5 సెం.మీ., రెండూ సింపుల్ రిపేరే (ఒకే పొరలో మామూలు కుట్లు) అయితే కలిపి 3.5, అంటే 12002. ఒకే పొరలో కుట్టినా, మట్టి బాగా పట్టి చాలాసేపు శుభ్రం చేయాల్సి వస్తే అది ఇంటర్మీడియట్, 12041 వరసలోకి వెళ్తుంది. డాక్టర్ ఆ శుభ్రం చేసిన సంగతి నోట్‌లో రాసి ఉండాలి, మనం ఊహించుకోకూడదు. కుట్లు లేకుండా స్టెరీ స్ట్రిప్స్ (గాయాన్ని మూసే అంటుకునే పట్టీలు) మాత్రమే అంటిస్తే రిపేర్ కోడే లేదు, ఈ అండ్ ఎం (డాక్టర్ చూసి సలహా ఇచ్చే) విజిట్‌లో కలిసిపోతుంది.